కన్ను గీటే సామి

ఫోను పెట్టేసి సుగంధి రఘునాథన్ మామ కేసి చూసింది. ఆయన మొహంలో కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు. అవతలి మనిషి ఎంత గట్టిగా అరిచాడంటే, తమిళంలో అతనన్న మాట ఆయనక్కూడా వినబడింది.

"శుక్రవారం టీవీలో ఆ నిమ్మకాయ కనబడిందా, దాన్ని పట్టుకున్న చెయ్యి శనివారానికి ఉండదు."

ఆ చెయ్యి సుగంధి నాయన సుబ్బరాయలుది.

రఘునాథన్‌ది పుదుచ్చేరి ఊరి వరకే వచ్చే చిన్న కేబుల్ చానెల్. ఇందిరా నగర్‌లో ఒక మేడమీద రెండు గదులు. ఒకదాంట్లో కెమెరా, ఇంకోదాంట్లో ఎడిటింగ్ కంప్యూటరు, దాని ముందు సుగంధి. వారమంతా పెళ్ళి వీడియోలూ పాత్రల కొట్టు ప్రకటనలూ వేసుకునే ఆ చానెల్‌ని జనం చూసేది శుక్రవారం సాయంత్రం ఒక్క పావుగంట. అప్పుడు 'నిమ్మకాయ సామి' వస్తాడు. గడ్డం పెట్టుకుని, కావి పంచె కట్టుకుని, ఏ కష్టానికైనా ఒక నిమ్మకాయ చేతిలో పెట్టే దొంగ సామి. ఫ్యాక్టరీలో పని పోయిందని ఒకడొచ్చి ఏడిస్తే, "ఇదిగో నిమ్మకాయ. రసం పిండి అమ్ముకో" అంటాడు. చివర్లో కెమెరా వైపు తిరిగి కన్ను గీటుతాడు. ఆ కన్నుగీటు కోసం కురుచికుప్పంలో బెస్తవాళ్ళు వలలు పక్కన పెట్టి టీవీల ముందు కూర్చునేవాళ్ళు.

సుబ్బరాయలు మిల్లులో పనిచేసి రిటైరైన మనిషి. వయసులో ఉన్నప్పుడు వీధినాటకాలు ఆడాడు. కార్యక్రమంలో ఏనాడూ ఎవరి పేరూ ఎత్తలేదు. కానీ గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే వాళ్ళు ఎక్కడైనా ఉంటారు కదా! సేదరపేట్ దారిలో ఆశ్రమం పెట్టి నిమ్మకాయలు పంచే ఒక సామి మనుషులు తడుముకున్నారు. వాళ్ళకు పెద్ద ఇళవరసన్. ఫోనులో అరిచిందీ అతనే. క్రితం వారమే వాళ్ళు కేబుల్ పెట్టెలు పగలగొట్టారు. అడ్డం పోయిన లైన్‌మన్ కరుప్పన్ తలకు కట్టు కట్టుకుని ఇంట్లో పడుకున్నాడు. పోలీసులేమో, దేవుడి గొడవ మీకెందుకన్నారు.

"కత్తిరించెయ్ సుగంధీ," అన్నాడు రఘునాథన్.

"ఏంది మామా కత్తిరించాల?"

"నిమ్మకాయ."

ఆమె నిమ్మకాయలు తీసేసింది. ఆయన వెనకాల నిలబడి చూసి, గడ్డం కూడా వద్దన్నాడు. గడ్డం తీస్తే, ఆ పంచె రంగేంది అన్నాడు. పంచె తీస్తే, కాళ్ళకు మొక్కేవాడు ఎవరి కాళ్ళకు మొక్కుతుండాడో అందరికీ తెలిసిపోతుందన్నాడు. భయం పట్టినవాడికి గడ్డిపోచ కూడా పామే. కత్తిరించగా కత్తిరించగా కార్యక్రమం పేరు, రెండు ప్రకటనలు మిగిలాయి.

సుగంధికి కడుపు మండిపోయింది. నాయన రెండు రోజులు లైట్ల కింద చెమటోడ్చి చేసిన నవ్వంతా చెత్తబుట్టలోకి పోయింది. రఘునాథన్ టీ తాగడానికి కిందికి దిగగానే ఆమె ఒక ముక్కను వెనక్కి తెచ్చి చివర అతికించింది. నిమ్మకాయ లేదు, పంచె లేదు, మాట లేదు. తెర నిండా నాయన మొహం, గీటిన కన్ను. అంతే. దీనికెవడేం చెయ్యగలడు అనుకుంది.

శుక్రవారం సాయంత్రం పేరు పడింది, పాత్రల కొట్టు ప్రకటన పడింది, వెంటనే సుబ్బరాయలు కన్ను గీటాడు. కోసేసింది ఏమిటో ఊరంతటికీ తెలుసు. అందుకే ఊరు ఎన్నడూ నవ్వనంతగా నవ్వింది. ఇందిరా నగర్‌లో ఆ నవ్వు ఇంటి నుంచి ఇంటికి వినబడింది. సుగంధి కూడా నవ్వింది. ఆ తర్వాత ఆమెకు భయం వేసింది.

"నాయినా, విలియనూర్‌లో అత్త ఇంటికి పో. రెండు దినాలు ఉండి రా," అని బతిమాలింది.

"యాడికీ పోను. నేనేం దొంగతనం చేసినానా?" అన్నాడు సుబ్బరాయలు. "నవ్వితే విరిగిపోయే సామికి నేనెందుకు భయపడల్ల?"

"వాళ్ళు చెయ్యి తీస్తామన్నారు నాయినా."

"చెయ్యి తీస్తే కన్ను ఉండాది కదమ్మా." అని ఆమెకు కన్ను గీటాడు. ఆమె తల్లి లోగనాయకి వంటింట్లోంచి వచ్చి, ఈ మనిషికి చెప్పేదానికంటే గోడకు చెప్పేది మేలని ఏడ్చింది.

సుబ్బరాయలుకు ఒక అలవాటుంది. వేషం ఎగతాళిదే అయినా, ఆ కావి పంచెనూ గడ్డాన్నీ దేవుడి పటాల కింద బీరువాలో పెట్టేవాడు. కట్టుకునే ముందు కర్పూరం వెలిగించి మొక్కేవాడు. షూటింగ్ రోజున మాంసం ముట్టేవాడు కాదు, వేషంలో ఉండగా చెప్పులు తొడిగేవాడు కాదు. ఎగతాళి వేషానికి ఇంత మడేంది నాయినా అని సుగంధి ఎన్నోసార్లు ఏడిపించింది. "వేషం దేవుడిది. ఎగతాళి నాది. రెండూ కలపకూడదు," అనేవాడు. వీధినాటకాల వాళ్ళ పద్ధతి అది. వేషం కట్టినవాడి కాళ్ళకు ఊరివాళ్ళు మొక్కడమూ ఆ పద్ధతిలోదే.

శనివారం పొద్దున వాళ్ళు వచ్చారు.

మోటారు సైకిళ్ళు వీధి మొదట్లో ఆగిన చప్పుడికే ఎదురింటి తిలగమక్క కిటికీ మూసింది. తమ కిటికీ సందులోంచి సుగంధి చూసింది. ముందు ఇళవరసన్, కుడిచేతిలో ఇనుప తొడుగు వేసిన దుడ్డుకర్ర. వెనకాల ఇరవైమంది దాకా. "ఎక్కడరా ఆ కన్ను గీటేవాడు!" అని అరుస్తున్నారు. మొదటి రాయి వరండా గ్రిల్లుకు తగిలింది. లోగనాయకి కూతుర్ని గట్టిగా పట్టుకుంది.

సుగంధి వెనక్కి తిరిగేసరికి గదిలో కర్పూరం వాసన. నాయన పంచె కట్టుకుంటున్నాడు.

"నీకు పైత్యం పట్టిందా నాయినా! ఆ వేషం చూస్తే నిన్ను నరికేస్తారు!"

"పక్కకు జరుగమ్మా," అన్నాడాయన. గడ్డం అతికించుకున్నాడు, పటాల ముందున్న నిమ్మకాయ తీసుకున్నాడు, తలుపు తీశాడు.

సుగంధికి కన్నుగీటు వెనక్కి తెచ్చిన తన చేతిని తనే విరగ్గొట్టుకోవాలనిపించింది.

సుబ్బరాయలు చెప్పుల్లేని కాళ్ళతో మెట్లు దిగాడు. కెమెరా ముందు వేసే కోతి గెంతులు లేవు. వీధినాటకంలో మహర్షి రంగం మీదికి వచ్చినట్టు, నెమ్మదిగా వచ్చి నిలబడ్డాడు. అరుపులు సన్నగిల్లాయి. ఎదురింటి కిటికీ తెరుచుకుంది. ఎవరో నేర్పినట్టు తిలగమక్క చేతులు జోడించింది. గుంపులో వెనకున్న ఒకడు తనకు తెలియకుండానే చెప్పులు వదిలాడు. వాణ్ణి చూసి పక్కవాడు కూడా వదిలాడు.

ఇళవరసన్ కర్ర ఎత్తాడు. సుబ్బరాయలు అతని మొహం ముందుకు నిమ్మకాయ చాపాడు.

ప్రసాదాన్ని ఒంటిచేత్తో తీసుకునేవాడు ఆ ఊళ్ళో పుట్టలేదు. కుడిచెయ్యి చాపి, కింద ఎడమచెయ్యి పెట్టి, తల వంచి తీసుకోవాలి. తల్లి చంకలో ఉన్నప్పుడే నేర్చుకునే పద్ధతది. ఇళవరసన్ బుద్ధి ఏమంటుందో కానీ, అతని చేతులకు ఆ పద్ధతి తెలుసు. కర్ర పట్టుకున్న కుడిచెయ్యి ఒక్కక్షణం గాలిలో తడబడింది. కర్ర ఠంగుమని రోడ్డు మీద పడింది. రెండు చేతులూ దగ్గరికొచ్చాయి. నిమ్మకాయ అందుకుని, అలవాటుకొద్దీ కళ్ళకద్దుకున్నాడు.

గుంపు వచ్చినదారినే పోయింది. సుబ్బరాయలు లోపలికొచ్చి గడ్డం పీకి, నేల మీద కూలబడి, నవ్వాడు. నవ్వుతూనే వాంతి చేసుకున్నాడు. సుగంధి ఆయన తల ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. గండం గడిచిందనే ముగ్గురూ అనుకున్నారు.

ఆదివారం పొద్దున తలుపు తీస్తే వాకిట్లో మనుషులు. జ్వరం వచ్చిన బిడ్డతో ఒక తల్లి, కోర్టు కేసున్న ఒక ముసలాయన, అందరికంటే ముందు తిలగమక్క. కొట్టవచ్చినవాడి చేతిలోంచి కర్ర జారిపోయిందట. సామి చూపుకే జారిపోయిందట. ఊరంతా అదే మాట.

"నేను మిల్లు సుబ్బరాయల్ని తల్లీ! అది పెట్టుడు గడ్డం!" అని ఆయన మొత్తుకున్నాడు. ఎంత మొత్తుకుంటే అంత గొప్ప సామి అనుకున్నారు.

మధ్యాహ్నం ఇళవరసన్ ఒక్కడే వచ్చాడు. చెప్పులు బయటే వదిలి, మర్యాదగా లోపలికొచ్చి కూర్చున్నాడు. అరవలేదు. తమిళంలో మెల్లగా చెప్పాడు.

"వీధి అంతా చూస్తుండగా నీ చేతి నిమ్మకాయను నేను రెండు చేతులా తీసుకున్నాను. అది వేషగాడి నిమ్మకాయ అని తేలిందంటే నేను బజార్లో తలెత్తి తిరగలేను. కాబట్టి నువ్వు సామివి. సామిగానే ఉండు అయ్యా." లేస్తూ సుగంధి వైపు చూసి, చెల్లెల్ని పిలిచినట్టు అన్నాడు. "ఎడిటింగ్ నువ్వేనంట కదా, తంగచ్చీ? జాగ్రత్తగా చెయ్."

సేదరపేట్ సామిని వదిలేశావా అని అడిగే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేకపోయింది. ఎగతాళి చేసి దెబ్బలు తినేవాణ్ణి ఊరు చూసింది. ఎగతాళి చేసిన పాపానికి దేవుణ్ణి చేసి కూర్చోబెట్టడం ఇదే మొదటిసారి.

ఆ తర్వాతి శుక్రవారానికి రఘునాథనే ముహూర్తం పెట్టాడు. అదే గది, అదే కెమెరా, అదే పావుగంట. కార్యక్రమం పేరు మాత్రం 'అరుళ్ నేరం', అంటే అనుగ్రహ సమయం. సుబ్బరాయలు పీట మీద కూర్చుని వచ్చినవాళ్ళ చేతుల్లో నిమ్మకాయలు పెట్టాడు. పని పోయిన ఒకడు నిజంగానే వచ్చి, నిజంగానే ఏడ్చాడు. రసం పిండి అమ్ముకోమని సుబ్బరాయలు అనలేదు. నిమ్మకాయ చేతిలో పెట్టి పంపేశాడు. కెమెరా వెనకాల గోడకానుకుని ఇళవరసన్ మనుషులు ఇద్దరు నిలబడి ఉన్నారు.

ఆ సాయంత్రం సుగంధి ఒక్కతే కంప్యూటర్ ముందు కూర్చుంది. తియ్యాల్సిందేమీ లేదు. ఏ తప్పూ లేదు. ఆఖరికొచ్చింది. జనం లేచి పోతున్నారు. సుబ్బరాయలు నెమ్మదిగా కెమెరా వైపు తిరిగాడు.

కన్ను గీటాడు.

భయం లేకుండా కాదు. అయినా గీటాడు. కెమెరాకు కాదని, దాని అవతల కూర్చునే తనకే గీటాడని సుగంధికి అర్థమైంది. ఆ ముక్కను ఆమె మళ్ళీ వెనక్కి తిప్పి చూసింది. ఇంకోసారి చూసింది. ఆ సామి లోపల నాయన ఇంకా బతికే ఉన్నాడని చెప్పేది ఆ ఒక్క ముక్కే.

బయట మెట్ల మీద చెప్పులు విడిచిన చప్పుడైంది. "అయిందా తంగచ్చీ?" అని ఎవరో అడిగారు.

"అయిపోయిందన్నా," అంది సుగంధి. అని, ఈసారి ఎవరూ చెప్పకుండానే, ఆ కన్నుగీటును తన చేత్తోనే కత్తిరించింది.