ఆడనన్న క్వాకు

జూలైలో జట్టు మళ్లీ సాధన మొదలుపెట్టిన సాయంత్రం క్వాకు రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తి, "నా కాంట్రాక్టు సంగతి తేల్చండి, అప్పుడొస్తాను," అని పెట్టేశాడు.

క్వాకుది ఘనా. సౌదీలో, బురైదాలోని ఆ చిన్న ఫుట్‌బాల్ క్లబ్బు కిందటేడు లీగులో పరువు దక్కించుకుందంటే అతని కాళ్ల చలవే. ఒప్పందం ఇంకో ఏడాది ఉంది. పెద్ద క్లబ్బు ఏదైనా అడిగితే మధ్యలోనే వదిలేస్తామని క్లబ్బు వ్యవహారాలు చూసే ముదీర్, అంటే మేనేజరు, అబూ మాజిద్ నోటిమాటగా చెప్పాడు. వేసవిలో రియాద్ నుంచి నిజంగానే అడిగారు. అలాంటి మాటేదీ తాను అనలేదన్నాడు అబూ మాజిద్. రియాద్ వాళ్లు జనవరి దాకా ఆగుతామన్నారు. జనవరిలో వదులుతామని రాసిచ్చేదాకా మైదానంలో అడుగు పెట్టనని క్వాకు ఇంట్లో కూర్చున్నాడు.

క్లబ్బు ఊరుకోలేదు. ముందు అతనికిచ్చిన కారు వెనక్కి తెమ్మంది. ఆ పని క్లబ్బు బస్సు డ్రైవరు నాగేందర్ మీద పడింది. జగిత్యాల మనిషి. తాళం అడగడానికి మొహం చెల్లక, ఫిజియోథెరపిస్టు శరత్ గదికొచ్చి నిలబడ్డాడు.

"సారూ, మీరు జర నాతోని రారాదుండ్రి. మొన్న నా బిడ్డకు పానం బాగలేదంటే ఆయన సొంత ఫోన్ల వీడియో కలిపి మాట్లాడిచ్చిండు. గట్లాంటోని కారు నేనెట్ల గుంజుకరావాలె?"

శరత్‌ది తెనాలి దగ్గర పల్లె. ఆ క్లబ్బులో నాలుగేళ్లుగా ఆటగాళ్ల కాళ్లు చూస్తున్నాడు. అతను, నాగేందర్ ఇద్దరూ కాగితాల మీద క్లబ్బు మనుషులు కారు. క్లబ్బుకు మనుషుల్ని పెట్టే ఓ కంపెనీ కింద ఉన్నారు. సౌదీవాళ్లను సరిపడా పెట్టుకోక ఆ కంపెనీ ప్రభుత్వం వేసే నితాఖత్ లెక్కలో ఎర్రరంగులో పడింది. ఇక దాని కింద ఎవరి ఇఖామా, ఆ దేశంలో ఉండనిచ్చే కార్డు, రెన్యువల్ కాదు. శరత్‌ది గడువు రంజాన్ ముందే అయిపోయింది. నాగేందర్‌ది అంతకుముందే.

వాళ్లు వెళ్లేసరికి క్వాకు సోఫాలో కాలు చాపుకుని ఉన్నాడు. తాళంచెవి అడక్కముందే తీసి నాగేందర్ చేతిలో పెట్టి, భుజం తట్టి పంపేశాడు. శరత్‌ను మాత్రం ఉండమన్నాడు. క్వాకు తలుపు వేసి వచ్చేటప్పుడు శరత్ కళ్లు అతని నడక మీద పడ్డాయి.

"ఎడమ కాలు ఏమైంది?"

క్వాకు సోఫాలో వాలి ప్యాంటు పైకి లాగాడు. మోకాలు వాచి ఉంది. శరత్ పట్టుకుని మెల్లగా మడిచి లోపలివైపు తిప్పాడు. అరచేతి కింద టక్కుమంది. క్వాకు పళ్లు బిగించాడు. ఎముకల నడుమ ఉండే గుజ్జు చిరిగిందని శరత్‌కు స్కాన్ లేకుండానే అనుమానం వచ్చింది.

"ఎప్పటి నుంచి?"

"చివరి మ్యాచ్ నుంచి. విశ్రాంతి దొరికితే సర్దుకుంటుంది కదా డాక్?"

"దొరికితే కొంత సర్దుకోవచ్చు. సర్దుకోకపోతే ఆపరేషన్. ఏదైనా ముందు స్కాన్ తీయించాలి."

"స్కాన్ తీయిస్తే ఊరంతా తెలుస్తుంది. రియాద్‌కు మొదట తెలుస్తుంది." క్వాకు ముందుకు వంగాడు. "నేను కాంట్రాక్టు కోసమే కూర్చున్నానని అందరూ అనుకుంటున్నారు. అది నిజమే. కానీ కూర్చుంటే కాలికీ మంచిదే. జనవరి దాకా ఈ బేరం సాగితే చాలు. మా ఊళ్లో పాత్రికేయులు ఏమని రాస్తున్నారో తెలుసా? పొగరెక్కిందట. రాసుకోనీ. నువ్వు మాత్రం ఎవరికీ చెప్పకు."

శరత్ చెప్పనన్నాడు. వారానికి రెండు మూడుసార్లు వచ్చి మోకాలు చూస్తానని కూడా అన్నాడు.

ఇంట్లో శరత్ భార్య ఉజ్వల సర్దిన పెట్టెల్లోంచి మళ్లీ బట్టలు బయటికి తీస్తోంది. భార్యాపిల్లల తలకింత అని కట్టే లెవీ మొదలయ్యాక ఆ వీధిలో తెలుగు కుటుంబాలు ఒక్కొక్కటీ వెళ్లిపోయాయి. ఉజ్వలకు తెనాలిలో జూనియర్ కాలేజీ లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. దసరా సెలవుల్లోపు చేరాలి. అయితే శరత్ ఇఖామా నడవకపోతే ఆమెకూ పాపకూ ఖురూజ్ పడదు, ఎగ్జిట్ లేకుండా విమానం ఎక్కనివ్వరు.

"కెమిస్ట్రీకి ఇంకెవరినైనా చూసుకుంటామన్నారండీ ప్రిన్సిపాల్ గారు. ఇవాళ మళ్లీ ఫోన్ చేశారు."

"రేపు ముదీర్‌ని అడుగుతాను."

"రేపంటూనే ఉన్నారు కదా," అంది ఉజ్వల. ఆ మాటలో కోపం లేదు. కోపం చేసుకునే ఓపిక అయిపోయినట్టుంది.

ఆగస్టు నడిచింది. క్లబ్బు క్వాకు పేరు జట్టు బోర్డు మీంచి తీసేసింది. అతని ఫ్లాట్‌లో ఏసీ చెడిపోతే బాగుచేయడానికి ఎవరూ రాలేదు. నాగేందర్ క్యాంపులో వండిన అన్నం, కోడికూర డబ్బాలో పట్టుకెళ్లి ఇచ్చి వస్తుండేవాడు. "కారం ఎక్కువైందని మూడు గ్లాసుల నీళ్లు తాగుతడు సారూ, అయినా డబ్బా ఖాళీ చేసి ఇస్తడు," అని నవ్వేవాడు. మోకాలి వాపు మెల్లగా దిగుతోంది.

ఈలోగా జట్టు మొదటి రెండు మ్యాచ్‌లూ ఓడింది. ప్రేక్షకులు క్లబ్బు గేటు దగ్గర క్వాకు పేరు పెట్టి అరిచారు. ఆ వారమే అబూ మాజిద్ శరత్‌ను పిలిపించాడు. చాయ్ పోయించి, ఎప్పుడూ లేనంత నెమ్మదిగా మాట్లాడాడు.

"నీ మాట వింటాడు. మైదానంలోకి తీసుకురా. మా బావమరిది కంపెనీ పచ్చరంగులో ఉంది. నీ కఫాలా, స్పాన్సర్‌షిప్పు, దానిమీదికి మార్పిస్తాను. ఇఖామా వారంలో వస్తుంది. నీ కుటుంబం హాయిగా వెళ్తుంది."

"నాగేందర్‌ది కూడా..." అన్నాడు శరత్.

"ముందు నీది కానీ."

మర్నాడు సాయంత్రం అందరూ కూర్చున్నారు. అబూ మాజిద్, కోచ్, క్వాకు, స్పీకర్ ఫోన్లో అతని ఏజెంటు. తనను ఎందుకు పిలిచారో శరత్‌కు తెలియదు. ముదీర్ ఎప్పటిలాగే కాదంటాడని, క్వాకు లేచి వెళ్లిపోతాడని, ఇంకో నెల గడుస్తుందని అతను అనుకున్నాడు. క్వాకు కూడా అదే అనుకున్నట్టున్నాడు, కుర్చీలో తీరిగ్గా కూర్చున్నాడు.

అబూ మాజిద్ సంతకం చేసిన కాగితం బల్ల మీద పెట్టాడు. "నువ్వు అడిగిందే. జనవరిలో రియాద్‌కు వదులుతాం. ఒకటే షరతు. అప్పటిదాకా ప్రతి మ్యాచ్ ఆడాలి. ఆడకపోతే ఇది చెల్లదు."

ఫోన్లో ఏజెంటు సంతోషంతో కేకేశాడు. "గెలిచాం క్వాకు! సంతకం చెయ్యి!"

క్వాకు కాగితం వంక చూస్తూ ఉండిపోయాడు. వద్దనడానికి అతని దగ్గర ఇక కారణం లేదు. ఉన్న ఒక్క కారణం చెబితే రియాద్ ఉండదు.

"ఇంకా ఏమిటి ఆలోచన?" అన్నాడు కోచ్ అనుమానంగా. "ఇన్నాళ్లు ఇంట్లో ఉన్నావు. ఒంట్లో ఏమైనా తేడా ఉందా?"

అబూ మాజిద్ శరత్ వైపు తిరిగాడు. "నువ్వు చూస్తున్నావుగా. కాళ్లు బాగున్నాయా?"

శరత్ లేదు అంటే అక్కడితో క్వాకుకు రియాద్ అవకాశం పోతుంది. అవును అంటే ఆడీ ఆడీ ఆ మోకాలు పోతుంది. ఇవి రెండూ కాక మూడోది, తన ఇఖామా, చాయ్ గ్లాసు పక్కన ఎవరికీ కనపడకుండా కూర్చుని ఉంది. అతను క్వాకు వైపు చూశాడు.

"చెప్పు డాక్," అన్నాడు క్వాకు. "బాగానే ఉన్నానని చెప్పు."

"బాగానే ఉన్నాడు," అన్నాడు శరత్.

క్వాకు సంతకం చేశాడు. అందరూ చేతులు కలిపారు. బయటికొచ్చాక వరండాలో శరత్ అతని చెయ్యి పట్టుకున్నాడు.

"మొదటి మ్యాచ్‌లోనే పిక్క పట్టేసిందని కూర్చో. నేను చూసుకుంటాను."

"ప్రతి మ్యాచ్ అని రాశాడు కదా. వాడు పిచ్చివాడు కాదు డాక్. బాగా కట్టు కట్టు, చాలు."

ఆ రాత్రి శరత్ ఉజ్వలకు అంతా చెప్పాడు. ఆమె పాప మీద దుప్పటి కప్పి వచ్చి అడిగింది.

"నిజం చెప్పుంటే ఆ అబ్బాయికి మేలు జరిగేదా?"

"తెలియదు."

"మనకోసం అన్నారా, ఆయన అడిగాడని అన్నారా?"

"అదీ తెలియట్లేదు ఉజ్వలా."

ముదీర్ మాట నిలబెట్టుకున్నాడు. వారం తిరక్కుండా శరత్ ఇఖామా వచ్చింది, వెనకాలే ఉజ్వలకూ పాపకూ ఎగ్జిట్ పడింది. ఆమె వెళ్లేరోజు నాగేందరే బస్సులోంచి పెట్టెలు దించాడు. "నాది ఎప్పుడైతదో అడిగిండ్రా సారూ?" అని శరత్‌ను అడిగాడు. అడిగానని, చూద్దామన్నాడని శరత్ చెప్పాడు. నాగేందర్ తలూపి ట్రాలీ తేవడానికి వెళ్లాడు.

క్వాకు మూడు మ్యాచ్‌లు ఆడాడు. రెండింట్లో గోల్ కొట్టాడు. ప్రతి మ్యాచ్ ముందూ శరత్ తలుపు గడియపెట్టి మోకాలికి గట్టిగా పట్టీలు చుట్టేవాడు. ఆట అయ్యాక ఐసు పెట్టేవాడు. వాపు మళ్లీ మొదటికొచ్చింది. పరిగెత్తడం తగ్గించమని, వెనక్కి తిరిగేటప్పుడు కుడికాలి మీద తిరగమని బతిమాలేవాడు. సరేననేవాడు క్వాకు. బంతి కనపడితే ఏ కాలు ఎటు తిరగాలో ఎవరికి గుర్తుంటుంది?

నాలుగోది తాయిఫ్‌లో. కొండమీది చల్లగాలికి ఆటగాళ్లంతా హుషారుగా ఉన్నారు. రెండో సగంలో క్వాకు బంతి కోసం ఎగిరి, ఎడమకాలి మీద దిగి, అక్కడే తిరగబోయాడు. పక్కన ఎవరూ లేరు, ఎవరూ తగల్లేదు. ఒక్కసారిగా కూలిపోయి గడ్డిని పిడికిళ్లతో పట్టుకున్నాడు.

శరత్ సంచీ పట్టుకుని పరిగెత్తాడు. మోకాలి మీద చెయ్యి వేయగానే అర్థమైంది. లోపల పట్టి ఉంచేది ఏదీ పట్టి ఉంచడం లేదు.

"లేపు డాక్," అన్నాడు క్వాకు. "లేచి నడిస్తే కనపడదు."

"లేవలేవు. కదలకు."

"లేపమంటున్నా కదా!"

శరత్ అతని తలను ఒళ్లో పెట్టుకుని స్ట్రెచర్ వాళ్లకు చెయ్యి ఊపాడు. అంతకుమించి అతను చేయగలిగిందేమీ ఆ మైదానంలో లేదు.

తాయిఫ్ ఆసుపత్రిలో స్కాన్ తీశారు. కొత్త దెబ్బతో పాటు పాత చిరుగు కూడా కనిపించింది. రియాద్ వాళ్లు ఏజెంటుకు ఫోన్ చేసి త్వరగా కోలుకోవాలని చెప్పి తప్పుకున్నారు. ప్రతి మ్యాచ్ ఆడలేదు కాబట్టి కాగితం చెల్లదని అబూ మాజిద్ అన్నాడు. గాయంతో ఉన్న విదేశీ ఆటగాడి చోటు ఖాళీ అయితే ఇంకొకణ్ణి తెచ్చుకోవచ్చు. వారంలో క్వాకుకు ఫైనల్ ఎగ్జిట్ కొట్టించారు.

శరత్‌ను ఎవరూ ఏమీ అడగలేదు. తిడతారేమోనని రోజూ ఎదురుచూశాడు. అబూ మాజిద్ ఒక్కసారి మాత్రం ఎదురుపడి, "ఆటలో ఇవి మామూలే," అని వెళ్లిపోయాడు.

విమానాశ్రయానికి నాగేందర్ బండిలో తీసుకెళ్లారు. వీల్‌చెయిర్‌లో కూర్చున్నాక క్వాకు, నాగేందర్ చెయ్యి పట్టుకుని, "కోడికూర," అన్నాడు తెలుగులో. నాగేందర్ మొహం పక్కకు తిప్పుకుని కళ్లు తుడుచుకున్నాడు.

శరత్ చక్రాల పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. క్షమించమని అడగాలని దారంతా అనుకున్నాడు. నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది.

"విమానంలో పాదం ఇలా ముందుకీ వెనక్కీ ఆడిస్తూ ఉండు. లేకపోతే పిక్కలో రక్తం గడ్డకడుతుంది. గంటగంటకీ చెయ్యాలి. నీళ్లు ఎక్కువ తాగు."

"అలాగే డాక్." క్వాకు పాదాన్ని ఓసారి ఆడించి చూపించాడు. "ఇలాగేనా?"

"ఇలాగే."

"చెప్పమన్నది నేనే. అది మర్చిపోకు," అన్నాడు క్వాకు.

తోసేవాడు వచ్చి కుర్చీ తిప్పాడు. పాస్‌పోర్టు గేటు దాటాక క్వాకు వెనక్కి చూడలేదు. కుర్చీ మలుపు తిరిగిపోయింది. శరత్ అక్కడే నిలబడి ఉంటే, దారికి అడ్డం లెమ్మని ఒక పోలీసు చేత్తో సైగ చేశాడు.