ఆఫ్‌లో ఉన్నానని వెలిగే దీపం

నేను గూడ్సు బండి లోకో పైలట్‌ని. రాత్రి బండి, పగలు పడక. పగలు కునుకు పట్టకపోతే రాత్రి యాభై ఎనిమిది వ్యాగన్లు లాగుతూ పడుతుంది. అప్పుడు లేచేది నేను కాదు, పట్టాలు!

అందుకే నిడదవోలులో మా పడకగదికి నల్ల కర్టెన్లు కట్టి చీకటి చేశాను. చేశానా? స్టెబిలైజరుకి ఆకుపచ్చ దీపం, వైఫై డబ్బాకి నీలం, సెట్‌టాప్ బాక్సుకి ఎరుపు, దోమలమందు ప్లగ్గుకి నారింజ. ఆ వెలుగులో దోమలు నన్ను తీరిగ్గా వెతుక్కుంటున్నాయి.

సిగ్నలు కనపడితే రంగు పైకి చదవడం ఇరవై రెండేళ్ళుగా నా ఉద్యోగం. నిన్న నిద్ర లేదు. ఇవాళ మధ్యాహ్నం రెప్ప వాలిందో లేదో, రెప్పల సందులోంచి ఎర్రదీపం.

"రెడ్!" అని అరిచి, బ్రేకనుకుని పక్కనున్న టేబులు ఫ్యాను లాగాను. అది నా కాలి మీద పడింది.

మా ఆవిడ కృపారాణి వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. "మళ్ళీనా?"

"టీవీ ఆపలేదా?"

"పొద్దున్నే ఆపేశానండి. ఆఫ్‌లో ఉందని చెప్పడానికే ఆ లైటు."

ఒళ్ళు మండిపోయింది. "ఆఫ్‌లో ఉందని చెప్పడానికి ఆన్‌లో ఉండాలా? నేను పడుకున్నానని చెప్పడానికి నన్నే లేపుతావా? సెట్‌టాప్ బాక్సట! నన్ను అప్‌సెట్ చేసే బాక్సు! ఎల్‌ఈడీ కాదది, ఎల్లకాలం పీడ!"

"నామీద అరుస్తారేంటండీ? నేను చేశానా దాన్ని?"

వెళ్ళి మెయిన్ ఆపేశాను. ఆపగానే మంచం పక్కనున్న ఇన్వర్టరు కీచుమని అరిచి తన ఎర్రదీపం తాను వెలిగించుకుంది.

మెయిన్ వేసి నల్లటేపు తెచ్చాను. వాడకంలో లేని సిగ్నలుకి రైల్వేలో రెండు పట్టీలు ఇంటూ మార్కులా అడ్డంగా కొడతారు. అలవాటుపడ్డ చెయ్యి కదా, ప్రతి దీపం మీదా సన్నపట్టీలు అలాగే అంటించాను. కర్టెన్లు మూసి చూస్తే ఒక్కో దీపం నాలుగు సందుల్లోంచి నన్ను వెక్కిరిస్తోంది!

"మొత్తం మూసెయ్యాలి గానీ సిలువలేంటండీ? దెయ్యాలను వెళ్ళగొడుతున్నారా?"

"దెయ్యాలైతే పాస్టరు గారి ప్రార్థనకు పోతాయే! ఇవి ప్లగ్గు పీకితేగానీ పోవు!"

"మరి పీకరేంటి?"

పీకాను. అన్నీ పీకేసి, ఇన్వర్టరు మొహం గోడకి తిప్పాను. అప్పటికి నాలుగున్నర. ఆరుకి డ్యూటీ. కళ్ళల్లో ఇసుక పోసినట్టుంది.

డ్యూటీలు వేసే లాబీకి ఫోను చేశాను. "నిరంజన్ గారూ, రెండ్రోజులుగా నిద్రలేదు. ఇవాళ బండెక్కను. ఇంకొకర్ని వేసుకోండి."

"అయ్యో, యెహెజ్కేలు గారూ! కారణం ఏం రాయమంటారండీ?"

"టీవీ లైటు."

అవతల పకపకా నవ్వు. "ఊరుకోండి బాబూ! జ్వరమని రాస్తాను."

"జ్వరం లేదు, కోపం నూట నాలుగుంది! టీవీ లైటనే రాయండి!"

"రేపు సంజాయిషీ అడుగుతారండీ."

"అడగనివ్వండి. ముందు నిద్రపోయి, అప్పుడొచ్చి చెబుతాను!"

కృపారాణి నా చేతిలోంచి ఆ ఫోను కూడా లాక్కుని, బయటికెళ్ళి తలుపు దగ్గరగా వేసింది.