తాలు కుప్ప

కోటేశ్వరికి బియ్యం కడిగిన చేతులింకా ఆరలేదు, రామాంజనేయులు చీటీల కట్ట తెచ్చి పెళ్లాం ముందు పడేశాడు. అతనిది మార్టూరులో ఎస్టీడీ బూత్ పక్కన పురుగుమందుల కొట్టు. ఏదో కంపెనీ వాళ్లు డీలర్లని గుంటూరు హోటలుకి పిలిచి, భోజనం పెట్టి, టైమెలా వాడుకోవాలో పాఠం చెప్పి పంపారట.

"చీటీకో పని రాయి కోటేశ్వరీ. నాలుగు కుప్పలు చెయ్యి. ఇవాళ్టివి, వారంలోవి, ఇంకొకళ్లకి అప్పగించేవి, అవతల పారేసేవి. నీకు ప్లానింగ్ లేదు, అందుకే పొద్దస్తమానం పనీ పనీ అంటావు."

మహానుభావుడు! తన పనులు రాసుకున్న చీటీలన్నీ మూడో కుప్పలో వేసి, ఆ కుప్ప ఆవిడ చేతిలో పెట్టి స్నానానికి పోయాడు.

కోటేశ్వరి రాసింది. కల్లంలో కూలీలకి అన్నాలు, అత్తగారి బీపీ మాత్రలు, పిల్లదాని యూనిఫాం. చీటీలు అయిపోవచ్చాయిగానీ పనులు అవలేదు. అప్పగించే కుప్ప దగ్గర చెయ్యి ఆగింది. ఎవరికి అప్పగిస్తుంది? అత్తగారు "నా మోకాళ్లు చూశావుగా అమ్మాయ్" అంటుంది. నా పని నాకే అప్పగించుకోవాలా, ఖర్మ!

మిగిలింది ఒకటే చీటీ. డీఎస్సీ దరఖాస్తు. ఒంగోలులో ఇవాళ అయిదింటికి ఆఖరు. వచ్చే ఏడాదికి వయసు దాటిపోతుంది. "మిరపకోతలప్పుడా నీ ఉద్యోగం? తర్వాత చూద్దాంలే" అన్నాడు నిన్న.

కల్లంలో పెరిగిన చెయ్యి అది. ఎర్రకాయ ముందుకి, మచ్చపడ్డ తాలుకాయ వెనక్కి, చూడకుండానే ఏరేస్తుంది. చీటీలూ అలాగే ఏరింది. ఏరి వెనక్కి తిరిగితే, పారేసే కుప్పలో ఒకటే ఉంది. దరఖాస్తు చీటీ.

ఎవరు వేశారిది? చుట్టూ ఎవరూ లేరు. అయ్యో, నేనే వేశానా? సిగ్గేసింది, ఏడుపొచ్చింది. మొగుణ్ణయితే తిట్టుకోవచ్చు, ఈ చేతిని ఏమని తిట్టుకోవాలి?

అతను తల తుడుచుకుంటూ వచ్చేసరికి చీర మార్చుకుని గుమ్మంలో ఉంది.

"ఒంగోలు పోతున్నానండీ."

"మరి కూలీల అన్నాలు?"

"మీకు అప్పగించాను" అని ఆ చీటీ కూడా కలిపి మూడో కుప్ప అతని చేతిలో పెట్టింది.

బస్సు మేదరమెట్లలో ఆగేసరికి మబ్బు పట్టింది. కల్లంలో ఆరబోసిన కాయల మీద పట్టలు కప్పమని చెప్పిందా? లేదే, ఏ చీటీలోనూ రాయలేదు! వెనక్కి పోవాలా? చేసింది తప్పా, ఒప్పా? ఏమీ తోచలేదు. "దిగేవాళ్లెవరమ్మా?" అని కండక్టరు కేకేశాడు. సగం లేచి, మళ్లీ కూలబడింది.

మబ్బు వాళ్లకీ కనపడుతుందిగా.