గుమ్మం దాకా వెళ్లి రా

తాళాలాయన నంబరు తాళం చక్రాల మీద ఒక నూనె చుక్క వేసి, గుడ్డతో తుడిచి, చెవి దగ్గర పెట్టుకుని తిప్పాడు. ఆయన వేళ్ల కొసలు నల్లగా ఉంటాయి. ఎంత తోమినా గోళ్లలో ఇనుప మడ్డి వదలదు. పెట్టెల నంబర్లు మర్చిపోయినవాళ్లంతా ఆయన దగ్గరికే వస్తారు. గోడ మేకుకు పెద్ద కట్టరు ఉందన్న మాటే గానీ, ఆయన దాన్ని కిందికి దించగా చూసినవాళ్లు లేరు. నంబరు మనిషిలోనే ఉంటుందనీ, దాన్ని బయటికి రప్పించడం చేతకానివాడే తాళం కోస్తాడనీ ఆయన మొండిపట్టు.

"ఎక్కడికీ పోదమ్మాయ్. దారి తెలియక లోపలే కూర్చుంటుంది," అని మేనకోడలికి చెవినిల్లు కట్టుకుని చెప్పేవాడు.

ఈ మధ్య ఆ మాట అనడం లేదు. మొన్న పొయ్యి ఆర్పకుండా దుకాణానికి వచ్చేశాడు. నిన్న తన సందు దాటి ఎటో వెళ్లిపోతే పాలవాడు చెయ్యి పట్టుకుని ఇంటికి చేర్చాడు. అందుకే ఈ సాయంత్రం చెల్లెలు వచ్చి ఆయన్ని తన ఊరు తీసుకెళ్లబోతోంది. దుకాణం ఇక మేనకోడలిది. పిల్ల చురుకైనదే, ఓపిక మాత్రం ఆమడ దూరం. తను బండెక్కగానే కట్టరు దించేస్తుందని ఆయన బెంగ. పొద్దుటి నుంచి టీ కూడా గొంతు దిగలేదు.

మధ్యాహ్నం ఒక నర్సు పెట్టె మోసుకుంటూ వచ్చింది. పురిటి సెలవు అయిపోయింది, యూనిఫారాలన్నీ పెట్టెలో ఉన్నాయి, నంబరు గుర్తులేదు.

"కోసెయ్యండి బాబాయ్ గారూ, రేపే డ్యూటీలో చేరాలి."

మేనకోడలి కళ్లు మేకు వైపు వెళ్లాయి. తాళాలాయన అది చూడనే చూశాడు.

"కంగారు పడకమ్మా. ఆ నంబరు ఎక్కడ కూర్చుని పెట్టావు?"

"మంచం మీద. కాన్పయిన కొత్తలో. పాప ఒళ్లోనే ఉంది."

ఆయన ఆమెను పీట మీద కూర్చోబెట్టి, పెట్టెను ఆమె చేతికందేలా జరిపాడు. కిటికీ ఎటు ఉండేదో అడిగి, ముఖం వెలుతురు వైపు తిప్పించాడు. తర్వాత ఏదో అనబోయి, నోరు తెరిచి అలాగే ఆగిపోయాడు. ఇంకొకటి ఉంది. అసలు కిటుకంతా దానిలోనే ఉంది. ఏమిటది? నాలుక చివరే ఉండి అందడం లేదు. దారి తప్పినప్పుడు కూడా ఆయన ఇంతగా భయపడలేదు.

నర్సు కట్టరు వైపు చూసింది. మేనకోడలు చూడలేదు.

"మావయ్యా, గుమ్మం దాకా వెళ్లి మళ్లీ రా. ఊరికే కాదు, ఇప్పుడే వస్తున్నట్టు రా."

అది ఆయన వైద్యమే. చెప్పబోయింది మర్చిపోయిన ప్రతివాళ్లనూ ఆయన అలాగే గుమ్మం దాకా తరిమేవాడు. నవ్వాలో ఏడవాలో ఆయనకు తెలియలేదు. వెళ్లి గడప అవతల నిలబడి, చెప్పులు విడిచి, ఎప్పటిలా తలుపు చెక్క తట్టి లోపలికి వచ్చాడు. ఎదురుగా పీట మీద నర్సు. కుడి చెయ్యి తాళం మీద ఉంది, ఎడమ చెయ్యి ఖాళీగా ఉంది.

"పాపేదమ్మా, చేతిలో పాపేది!"

మేనకోడలు గబగబా తుడుపు గుడ్డలన్నీ మూట చుట్టి నర్సు ఎడమ చేతిలో పెట్టింది. తనకు తెలియకుండానే నర్సు మూటను ఊపసాగింది. కళ్లు మూసుకుంది. ఆ రోజు పాప నిద్ర చెడకుండా ఒక్క బొటనవేలితో తిప్పిన చక్రాలను, మళ్లీ ఆ బొటనవేలే తిప్పుకుంటూ పోయింది. తాళం టక్కుమంది.

నర్సు సంబరంతో మూటను ముద్దు పెట్టుకోబోయి, నూనె కంపుకు మొహం చిట్లించింది. ముగ్గురూ పగలబడి నవ్వారు.

సాయంత్రం చెల్లెలు వచ్చింది. "అన్నీ సర్దుకున్నావా అన్నయ్యా? ఏం మర్చిపోలేదు కదా?"

"మర్చిపోతే గుమ్మం దాకా వెనక్కొస్తాలే," అన్నాడు.

ఇన్నాళ్లూ ఈ చెవితో విని ఆ చెవితో వదిలేస్తోందనుకున్న పిల్ల, అంతా దాచుకుంది. ఆయనకు కడుపు నిండిపోయింది. మేనకోడలి తల నిమిరి, టీ అడిగి మరీ తాగి, బండెక్కాడు.

బండి మలుపు తిరిగాక మేనకోడలు లోపలికి వచ్చి తుడుపు గుడ్డలు ఆరేసింది. గోడ మేకుకు కట్టరు, దవడల మధ్య సాలెగూడుతో సహా, పొద్దున్న ఉన్నట్టే వేలాడుతోంది.