బోర్డుకు పెట్టిన బొట్టు

శనివారం పగలు పదకొండున్నరకు ఇచ్చోడలో జరిగిన డిజిటల్ బోధన పరీక్షలో గణితం టీచర్ ముబీనా ఫెయిలైంది.

ఫెయిలైనవాళ్లు సోమవారం మొదలయ్యే బ్యాచ్‌లో మళ్లీ వారం కూర్చోవాలి. ముబీనా బడిలో గణితం చెప్పేది ఆమె ఒక్కతే. పదో తరగతి పరీక్షలు దగ్గరపడ్డాయి. త్రికోణమితి మొదలే కాలేదు. సోమవారం వచ్చి మొదలుపెడతానని పిల్లలకు చెప్పి వచ్చింది.

శిక్షణ ఇచ్చిన ప్రణయ్‌ని హైదరాబాద్‌లోని ఒక కంపెనీ పంపింది. తానెప్పుడూ తరగతిలో పాఠం చెప్పలేదని మొదటిరోజు ఆయనే చెప్పుకున్నాడు, గొప్ప సంగతిలా. బోర్డు ఆన్ చేయడం ఒక పూట నేర్పాడు, ఆఫ్ చేయడం ఒక పూట. స్లైడ్‌కు రంగు మార్చడం రోజంతా సాగింది. టీచర్లు చప్పట్లు కొట్టారు. చప్పట్ల వీడియో పై ఆఫీసుకు పోవాలి, అందుకని రెండుసార్లు కొట్టించారు.

బోర్డు అంటే గోడకు బిగించిన పెద్ద టచ్ స్క్రీన్. ప్రారంభం రోజు శిక్షణ ఇన్‌చార్జి పర్శరాములు దానికి పూజ చేశాడు. ఈ వైపు కొత్త మోటరైనా ట్రాక్టరైనా పసుపు కుంకుమ పెట్టకుండా నడపరు. ఆయన చట్రానికి నాలుగు వైపులా తడి పసుపు మందంగా పూసి, వరసగా బొట్లు పెట్టాడు. అప్పటినుంచి స్క్రీన్ కింది సగం వేలికి పలకలేదు.

ప్రణయ్ సాఫ్ట్‌వేర్ అన్నాడు. మంగళవారమంతా అప్‌డేట్ చేశాడు. తర్వాత నెట్ అన్నాడు. గురువారానికి తప్పు టీచర్ల వేళ్లదని తేల్చాడు. చేతులు తడిగా ఉంటున్నాయట.

పరీక్షలో ఒక్కొక్కరూ బోర్డు మీద ఒక పాఠం చెప్పి చూపాలి. ముందు ఓంప్రకాశ్ వంతు వచ్చింది. సాంఘికశాస్త్రం. స్క్రీన్ పైభాగాన వేలు పెట్టి నాలుగు పటాలు జరిపాడు, ఒక్క ముక్క చెప్పలేదు. పాసయ్యాడు.

ముబీనా టవర్ ఎత్తు కనుక్కునే లెక్క తీసుకుంది. టవర్ అడుగునుంచి గీత గీయాలి. అడుగు కింది సగంలో ఉంది. గీత పడలేదు. ఆమె వంగి చట్రం లోపలి అంచు చూసింది.

"సార్, గీ అంచు తుడవాలె," అంది పర్శరాములుతో. "వేలును గుర్తువట్టే కిరణాలు గీ అంచులకెల్లే వస్తయి. పసుపు కిందికి కారి అడ్డమున్నది. మా బడిల సుద్దపొడి పడ్డా గిట్లనే ఐతది."

"పూజ చేసిన బొట్టు మేడం అది. పెద్దసారు సాయంత్రం వచ్చి ఫొటో దిగెదాక ఉండాలె."

చట్రానికీ టచ్‌కూ సంబంధం లేదని ప్రణయ్ అన్నాడు. బోర్డుకు దిష్టి తగిలిందేమో, నిమ్మకాయ కట్టమని ఓంప్రకాశ్ వెనకనుంచి అన్నాడు. కొందరు నవ్వారు.

ముబీనా ముందు వరసలో ఉన్న తెలుగు టీచర్ వైపు తిరిగింది.

"వినోదక్కా, జర నువ్వు తుడువు."

వినోద పర్శరాములును చూసి, ఫోన్ తీసి అందులోకి చూసింది.

"అంత తెలిస్తే మీరే తుడువుండ్రి మేడం," అన్నాడు పర్శరాములు.

"నేను తుడవ సార్. నేను తుడిస్తే రేపు అది పసుపు ముచ్చట ఉండది. ముబీనా బొట్టు తుడిచింది అంటరు. మీరు పెట్టిండ్రు, మీరే తియ్యుండ్రి."

ఎవరూ లేవలేదు. ఓంప్రకాశ్ కూడా నవ్వలేదు. టైం అయిపోతోందని ప్రణయ్ గుర్తుచేశాడు.

ఆమె పక్క గోడకున్న నల్లబల్ల మీద సుద్దముక్కతో లెక్క చేసింది. కిటికీలోంచి కనిపించే సెల్ టవర్‌ను చూపించి కోణం చెప్పింది. చివరి వరసలో ఇద్దరు టీచర్లు ఆ లెక్క రాసుకున్నారు. పాఠం బాగుందని, టెక్నాలజీ వాడలేదు కనుక మార్కులు రావని ప్రణయ్ చెప్పాడు.

సాయంత్రం పై ఆఫీసునుంచి పెద్దసారు వచ్చాడు. బోర్డు పక్కన నిలబడి ఫొటో దిగాడు. శిక్షణ నూరు శాతం విజయవంతమైందని మాట్లాడి, చీకటి పడకముందే కారెక్కాడు.

ఆయన పోయాక, గది ఊడ్చే సక్కుబాయి రోజూ కుర్చీలు తుడిచినట్టే బోర్డునూ చట్రంతో సహా తడిబట్టతో తుడిచింది. ప్రణయ్ బోర్డు ఆఫ్ చేయడానికి కింది మూలనున్న గుర్తు మీద వేలు పెట్టాడు. మొదటిసారికే ఆఫ్ అయింది. ఆయన బ్యాగు సర్దుకున్నాడు. ఫలితాలు మార్చలేదు.

సోమవారం పొద్దున ముబీనా కొత్త బ్యాచ్‌లో మొదటి వరసలో కూర్చుంది. పర్శరాములు కొబ్బరికాయ కొట్టి, బోర్డు చట్రానికి పసుపు పూసి బొట్లు పెట్టాడు. అదే సమయానికి ఆమె బడిలో పదో తరగతి పిల్లలను గణితం పీరియడ్‌లో మైదానానికి తీసుకుపోయి కాగితాలు ఏరించారు.