క్యూబా ఆకుతో లంక చుట్ట

ఓడలో పనిచేసే బావమరిది కామరాజు క్యూబా పొగాకు తెచ్చాడని తెలియగానే, బాపిరాజు ఫ్యాక్టరీ నుంచి పటాన్‌చెరులోని ఇంటికి సైకిలు మీద ఆదరాబాదరా వచ్చేశాడు. ఫిట్టరు కాకముందు గోదావరి లంకల్లో చుట్టలు చుట్టి బతికినవాడు. ఆకు వాసన చూడగానే ఒళ్లు పులకరించింది.

"అచ్చం క్యూబావాళ్లలాగే చుట్టండి బావగారూ," అన్నాడు కామరాజు.

"వాళ్లలా చుట్టడానికి వాళ్లే ఉన్నారు కదయ్యా. నేను చుడితే మన చుట్టలా ఉండాలి."

మొదటిది మరీ బిగిసిపోయి పొగే రాలేదు. రెండోదాంట్లో ఇంట్లో దాచుకున్న లంకాకు, అంటే గోదావరి లంకల పొగాకు, కలిపితే, దాని ఘాటు క్యూబా వాసనను మింగేసింది. తెచ్చిన ఆకు తరిగిపోతోంది. ఈసారి లోపలంతా క్యూబా ఆకే పెట్టి, పైన మాత్రం పల్చటి లంకాకు చుట్టి, పక్కింటి రైతు మొగులయ్యకు అందించాడు.

మొగులయ్య కళ్లు మూసుకుని గట్టిగా దమ్ము లాగాడు. "ఏందిది బాపిరాజన్నా! మొదలు తియ్యగున్నది, ఎనకకెళ్లి మన కారం వస్తున్నది. గిసుంటిది నా జిందగీల తాగలే!"

బాపిరాజు ఆగలేక ఆ చుట్ట లాక్కుని తానూ పీల్చాడు. నిజమే! పకపకా నవ్వేశాడు.

"జల్దీ ఇంకోటి చుట్టన్నా," అన్నాడు మొగులయ్య.

"అది నాకు," అన్నాడు కామరాజు. "ఈ ఆకు ఇచ్చిన హవానా ముసలాయనకు పట్టుకెళ్లాలి."

బాపిరాజు అప్పటికే ఆకు తడుపుతున్నాడు.