నీళ్ళ ట్యాంకు మలుపు

“ఇక ఆపు. ఇక్కణ్ణుంచి నేను తీసుకుంటా,” అన్నారు మా ఆయన, నీళ్ళ ట్యాంకు కనపడగానే.

ఆపాను. ఆరేళ్ళుగా ఆపుతూనే ఉన్నాను. ఆ ట్యాంకు దగ్గర మలుపు తిరిగితే మూడో ఇల్లు మా ఆడపడుచుది. ఐదు గంటలు హైవే మీద నేను నడిపిన కారుని ఆ చివరి మూడిళ్ళ దూరం ఆయన నడుపుతారు. నేను దిగి, కారు ముందునుంచి చుట్టూ తిరిగి వెళ్ళి పక్క సీట్లో కూర్చుంటాను. ఆయన సీటు వెనక్కి జరుపుకుంటారు, అద్దం సర్దుకుంటారు, అందులో చూసుకుని జుట్టు కూడా ఓసారి దువ్వుకుంటారు. అంతసేపూ వెనక సీట్లో అత్తయ్య కళ్ళు మూసుకుని ఉంటుంది. దారంతా కబుర్లు చెప్పే మనిషికి సరిగ్గా ఆ మలుపు దగ్గరే నిద్ర పడుతుంది, గేటు దగ్గర మెలకువ వస్తుంది.

ఆయనకి లారీలంటే భయం. పెళ్ళయిన కొత్తలో ఒక లారీ మా కారుని రాసుకుంటూ పోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు గానీ, ఆ రోజునుంచీ పెద్ద రోడ్డెక్కితే చాలు, ఆయన అరచేతులకి చెమటలు పట్టి స్టీరింగు జారిపోతుంది. అందుకు నేనెప్పుడూ నవ్వలేదు. బల్లిని చూస్తే మంచమెక్కే దాన్ని నేను, ఏ మొహంతో నవ్వను? డ్రైవింగ్ నేర్చుకున్నాను. “ఎవరితో అనకేం,” అన్నారు. అనలేదు.

ఈసారి ప్రయాణం మోటారు సైకిల్ పందేల కోసం. టీవీలో పందెం వస్తే మా ఆయన, సోఫాలో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఓ పక్కకి ఒరిగిపోతారు, ఆ మలుపులన్నీ తనే తిప్పుతున్నట్టు. అలాంటిది ఆడపడుచు వాళ్ళింటికి దగ్గర్లోనే అసలు సిసలైన పందెం అనేసరికి, పదిహేను రోజులుగా ఆయన కాలు నేల మీద నిలవలేదు. నిజం చెప్పాలంటే నాకూ సరదాగానే ఉంది. శనివారం తెల్లారకముందే లేచి, మూడు సంచులు సర్ది, అత్తయ్య మందులు విడిగా కట్టి, దారిలోకి ఫ్లాస్కు నింపి, అప్పుడు స్టీరింగు ముందు కూర్చున్నాను.

గేటు తీస్తూనే వదిన ఆయన మొహం చూసి నొచ్చుకుంది. “ఐదు గంటలూ ఒక్కడివే నడిపావా తమ్ముడూ! కళ్ళెలా పీక్కుపోయాయో చూడు. వెళ్ళి కాసేపు నడుం వాల్చు.” తర్వాత నావైపు తిరిగి, “నువ్వు కూర్చునే వచ్చావుగా, ఆ కూరలు కాస్త తరిగిపెట్టవూ? పొద్దుటినుంచీ నిలబడే ఉన్నాను,” అంది. పాపం, నిలబడే ఉంది. తన తప్పేం లేదు. మేం చెప్పిన అబద్ధాన్నే ఆవిడ నమ్మింది.

తరిగాను. కుడి భుజం పీకుతోంది. బ్రేకు మీద ఉండీ ఉండీ పిక్క బిగుసుకుపోయింది, ఒంటి కాలి మీద నిలబడ్డాను. హాల్లోంచి అన్నయ్యగారి మాట వినపడుతోంది. అన్నయ్యగారంటే వదిన భర్త. “మా చెల్లెమ్మకి లైసెన్సు ఉందన్నావుగా, కాసేపు ఇవ్వకపోయావా?”

“తన చేతికా? మనం వెళ్ళాల్సింది పందేనికి బావా, ఆసుపత్రికి కాదు!”

పకపకా నవ్వులు. అత్తయ్య మాత్రం దగ్గింది. నా ఒళ్ళు మండిపోయింది. భయపడినందుకు కాదు, దాచమన్నందుకూ కాదు. దాచిపెట్టిన నన్నే వేళాకోళం చేస్తున్నందుకు. మా ఆఫీసులోనూ ఇదే వరస. భవనాల ప్లాన్లు వారాల తరబడి గీసేది నేను. మీటింగు గది తలుపు దగ్గర మేనేజరు చెయ్యి చాపుతాడు, “ఇలా ఇవ్వమ్మా, ఇక్కణ్ణుంచి నేను తీసుకుంటా.” అక్కడ నెలాఖరున జీతమైనా వస్తుంది. ఇక్కడ కూరలు తరిగే కత్తి వచ్చింది.

ఆదివారం పొద్దున్నే అందరం అన్నయ్యగారి కార్లో పందేనికి వెళ్ళాం. రేకుల కప్పు కింద మెట్ల మీద కూర్చున్నాం. మొదటి బండి ముందునుంచి పోగానే ఆ చప్పుడు చెవుల్లోకి కాదు, గుండెల్లోకి దిగింది. మోకాలు నేలకి తగిలేంతగా ఒరిగి, పడిపోయారనుకునేలోపే లేచి, కాలిన రబ్బరు వాసన మాకొదిలేసి పోతున్నారు. నేను లేచి నిలబడి అరిచాను. నా గొంతు అంత పెద్దదని నాకే తెలీదు.

చివరి చుట్టులో, అందరికన్నా ముందున్న బండి ముగింపు గీత ఇంకో వంద గజాలుందనగా ఆగిపోయింది. ఇంజను చచ్చిపోయింది. దాన్ని నడుపుతున్న పొడుగాటి మనిషి దిగి, హెల్మెట్టుతోనే, ఆ బరువైన బండిని తోసుకుంటూ నడవడం మొదలుపెట్టాడు. పక్కనుంచి ఒకటీ, రెండూ, మూడూ బండ్లు దూసుకుపోయాయి. గోడ మీంచి వేలాడుతూ అతని మెకానిక్కులు గొంతులు చించుకుంటున్నారు గానీ ఒక్కడూ కిందికి దూకలేదు.

“ఎవరైనా ఓ చెయ్యి వెయ్యొచ్చుగా, పాపం!” అన్నారు అన్నయ్యగారు.

“కుదరదు బావా!” మా ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. “నడిపినవాడే గీత దాటాలి. పందెమంతా ఒకడు నడిపి, చివరి నాలుగడుగులు ఇంకొకడు పట్టుకుంటే అదేం న్యాయం?”

ఆయన వంక చూశాను. తనేమన్నారో ఆయనకే తెలీలేదు, చప్పట్లు కొడుతున్నారు. నేనూ కొట్టాను, నాలుగోవాడిగా గీత దాటిన ఆ మనిషి కోసం.

మధ్యాహ్నం భోజనాలయ్యాక బయల్దేరాం. గేటు దగ్గర అందరూ నిలబడ్డారు. ఆయన తాళం చెవి తిప్పుకుంటూ వెళ్ళి స్టీరింగు ముందు కూర్చున్నారు. నేను రెండో వైపుకి వెళ్ళలేదు. ఆయన వైపు తలుపు తీశాను.

“దిగండి.”

“ఏంటి?”

“ట్యాంకు దగ్గర ఎలాగూ దిగాలిగా. ఇక్కడే దిగండి.”

ఆయన మొహం పాలిపోయింది. “నలుగురిలో ఏంటిది? ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం,” అన్నారు గొంతు తగ్గించి.

“మీరెందుకు నడపరో నేను చెప్పను. అది మీ సంగతి. నడిపింది నేనని మాత్రం చెప్తాను, అది నా సంగతి.” వదిన వైపు తిరిగాను. “వచ్చేటప్పుడు నడిపింది నేనే వదినా. ఆరేళ్ళుగా వచ్చినప్పుడల్లా నేనే.”

వదిన బుగ్గన చెయ్యి పెట్టుకుంది. అన్నయ్యగారు నవ్వబోయి, నా మొహం చూసి మానుకున్నారు. ఆయన దిక్కుతోచక వెనక సీట్లో ఉన్న అత్తయ్య వైపు తిరిగారు. “అమ్మా, నువ్వైనా చెప్పవే!”

“దిగరా,” అంది అత్తయ్య. “ఆ మూడిళ్ళ దూరం నేను ప్రాణాలరచేతిలో పెట్టుకుని కళ్ళు మూసుకుంటున్నాను. ఇన్నాళ్ళూ నిద్రనుకున్నారా?”

ఆయన దిగారు. కారు ముందునుంచి చుట్టూ తిరిగి వెళ్ళి పక్క సీట్లో కూర్చున్నారు. నేను సీటు ముందుకి జరుపుకున్నాను, అద్దం సర్దుకున్నాను. ట్యాంకు దగ్గర అలవాటుకొద్దీ ఆయన చెయ్యి బెల్టు మీదికి వెళ్ళింది. నేను కారు ఆపలేదు.

పెద్ద రోడ్డెక్కి రెండు లారీలు దాటాక ఆయన నావైపు తిరిగారు. “ఇప్పుడు అక్కావాళ్ళకి మొహం ఎలా చూపించమంటావ్?”

“ఈసారి వెళ్ళగానే సరాసరి వంటింట్లోకి వెళ్ళి కూరలు తరగండి,” అన్నాను. “మీరు కూర్చునే వెళ్తారుగా.”